గింజల కాగితం

మా సంఘం పత్రికకు రజతోత్సవం వచ్చింది. ఆ సందర్భంగా పత్రిక చరిత్ర రాసివ్వమని సంఘం వారు నాకు తాఖీదు పంపారు. చరిత్ర రాయడానికి కావలసిన అర్హతలు నాలో ఉన్నాయని అందులో ఉంది. మొదటి నుంచీ ఉన్నవాళ్లలో ఇంకా బతికి ఉన్నదీ, వేరే పేటకు మారిపోనిదీ నేనొక్కతినే. అవే ఆ అర్హతలు. చరిత్ర నిష్పాక్షికంగా ఉండాలనీ, అధ్యక్షుల పేరు పక్కన 'గారు' తప్పకూడదనీ, ఫిర్యాదులు ఉండరాదనీ షరతులు పెట్టారు. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా కాలనీ మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకు పక్కన ఉంటుంది. ట్యాంకు పొర్లినప్పుడల్లా వెనకాల ఖాళీ స్థలం తడిసేది. ఆ తడికి తుప్పలు, తుప్పల్లో పాములు. డ్రాయింగు చెప్పే సుభద్ర టీచరమ్మ గారు మునిసిపాలిటీ చుట్టూ తిరిగి, మొక్కలు వేసుకుంటామని ఆ స్థలం అడిగారు. మొక్కలు ఉన్నంతకాలం మీది, లేకపోతే మాది అని వాళ్లు రాసిచ్చారు. టీచరమ్మ గారు దాన్ని మడులు చేసి, కావలసిన వాళ్లకి తలో మడి ఇచ్చి, ట్యాంకు కాలనీ మొక్కల సంఘం అన్నారు. మా ఆయన ఆ ట్యాంకు దగ్గరే పంపు నడిపేవారు. ఆయన పోయిన ఏడాదే సంఘం పుట్టింది. "ఇంట్లో కూర్చుని గోడ చూస్తే ఏమొస్తుంది పైడమ్మా, వచ్చి మట్టి చూడు" అని నాకూ ఒక మడి ఇచ్చారు.

పత్రిక కూడా అప్పుడే పుట్టింది, కానీ దాన్నెవరూ పత్రిక అనలేదు. అది ఒక్క కాగితం. టీచరమ్మ గారు స్టెన్సిలు మీద రాసి, బడిలో సైక్లోస్టైలు తీయించి, నెలకొకసారి ఇంటింటికీ పంచేవారు. ఏ కూరగాయ గురించి రాస్తే దాని గింజలు చిన్న పొట్లం కట్టి, కాగితం మూలకు గుండుసూదితో గుచ్చేవారు. అందుకని మేం గింజల కాగితం అనేవాళ్లం. మొదటి కాగితం చిక్కుడు మీద. అందులో ఉన్నదంతా ఇంతే: "చిక్కుడు. రాత్రి నానబెట్టి పొద్దున్న నాటండి. పందిరి వేయండి. కాస్తే పక్కింటికి ఇవ్వండి."

నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. గింజ చూస్తే మాత్రం ఏదో తెలుస్తుంది. చిక్కుడు గింజ గుచ్చిన కాగితం మీద పెద్దగా రాసి ఉన్నది చిక్కుడు కాక ఇంకేమవుతుంది? అలా నాకు 'చి' దొరికింది. బీర గింజల నెలలో 'బీ', పొట్ల గింజల నెలలో 'పొ'. తప్పు చదివితే టీచరమ్మ గారు "గింజ వైపు చూడవే" అనేవారు. కూరగాయలన్నీ ఒక చుట్టు వచ్చేసరికి చదవడం వచ్చింది. 'క్ష' ఒక్కటే రాలేదు. దానితో మొదలయ్యే కూర లేదు. అది తరవాత అధ్యక్షుల వారి దయ వల్ల వచ్చింది.

ఆ మొదటి పొట్లంలో చిక్కుడు నేను నాటాను. ఏటా కొన్ని కాయలు తీగ మీదే ఎండనిచ్చి, గింజ దాచి, మళ్లీ నాటుతూ వచ్చాను. అడిగిన వాళ్లకి ఇస్తూ వచ్చాను. టీచరమ్మ గారు చివరిసారి ఆసుపత్రికి వెళుతూ రిక్షాలోంచి నాతో ఒకటే అన్నారు. "గింజ తెగిపోనివ్వకు." ఈ చరిత్రలో నా సొంతం అనదగ్గది ఆ మాట ఒక్కటే. మిగతాదంతా పత్రికది.

ఆవిడ తరవాత కామేశం గారు అధ్యక్షులయ్యారు. సహకార శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. ఆయనకు మొక్కలంటే ప్రత్యేకించి ద్వేషం ఏమీ లేదు. మొదటి సమావేశంలో గింజల కాగితం చేతిలోకి తీసుకుని ముందు చూశారు, తిప్పి వెనక చూశారు. వెనక ఏమీ లేదు.

"ఇందులో సంపాదకీయం ఎక్కడుంది?" అన్నారు.

"పోనీ, అధ్యక్షుల సందేశం?"

"గింజలున్నాయి బాబూ" అన్నాను.

"గింజలు అనుబంధం. విషయం ఏదీ?"

కాగితానికి 'ఉద్యాన దుందుభి' అని పేరు పెట్టారు. పేజీలు పెంచారు. కాలేజీలో తర్కం చెప్పి మానేసిన చిదంబరం గారిని సంపాదకులుగా వేశారు. జిల్లాలో సంఘాల పత్రికలకు ఏటా పోటీ జరుగుతుందని తెలిసి, పంపారు. బహుమతి రాలేదు. ఎందుకు రాలేదో న్యాయనిర్ణేతలు రాసి పంపారు. గుండుసూది వల్ల అట్టకు చిల్లు పడిందట. అంతకన్నా ఘోరం, పత్రికలో సవరణలు ఉన్నాయట. అంటే తప్పులున్నట్టు పత్రికే ఒప్పుకుంటోందట.

వెంటనే తీర్మానాలు చేశారు. ఇకమీదట గింజలు గుచ్చరాదు. ఇకమీదట సవరణ వేయరాదు. టీచరమ్మ గారి కాలంలో మేం ముందుగా చదివేది సవరణే. "పోయిన నెల గోంగూరకు నీడ కావాలన్నాను. అక్కర్లేదు. నాదే పొరపాటు" అని ఉండేది. కామేశం గారు అది విని చాలా బాధపడ్డారు. "పొరపడే పత్రికను ఎవరు గౌరవిస్తారు? దుందుభిలో పడినది సరైనది. సరైనది మాత్రమే దుందుభిలో పడును" అన్నారు. దీన్నీ తీర్మానంలో చేర్చారు.

ఆ వెంటనే వచ్చిన సంచికలో, గులాబీకి వారానికి గుప్పెడు ఉప్పు వేయాలని పడింది. అలా ఎందుకు రాశారో చిదంబరం గారికే తెలియదు. కాలనీలో గులాబీలన్నీ మాడిపోయాయి. సవరణ వేయడానికి లేదు కనక సమావేశం పెట్టి విచారించారు. గులాబీలు సహకరించలేదని తేలింది. సహకార లోపం అంటే కామేశం గారికి బాగా తెలుసు.

"సభ్యులెవరైనా సదరు సంచికను గులాబీలకు చదివి వినిపించారా?" అని అడిగారు.

ఎవరమూ వినిపించలేదు. తప్పు మాదే అయింది.

మరుసటి ఏడాది పోటీ దరఖాస్తులో కొత్త ప్రశ్న వచ్చింది. మీ సభ్యులు పెంచే మొక్కలన్నీ మీ పత్రికలో చోటు చేసుకున్నాయా అని. అవునని రాయాలంటే రెండు దారులు. ఉన్న మొక్కలన్నిటి గురించీ అచ్చు వేయడం ఒకటి. అచ్చు పడని మొక్కలను పీకేయడం ఒకటి. రెండోది త్వరగా అవుతుందన్నారు. ఆ తీర్మానం నాకు నోటికి వచ్చు. "ఉద్యాన దుందుభియందు వ్యాసరూపమున ప్రస్తావించబడని ప్రతి మొక్కయు కలుపుగా పరిగణించబడి నిర్మూలించబడును. ప్రస్తావించబడిన ప్రతి మొక్కకును ఒక మడియు, నీటి వాటాయు కేటాయించబడును."

ఆ రోజు నుంచి సాయంత్రాలు మడుల్లో నీళ్లు పోసేవాళ్లు లేరు. అందరూ ఇళ్లలో కూర్చుని రాస్తున్నారు. మా ఎదురింటి సన్యాసమ్మ తన టమాటాలను బతికించుకోవాలని పగలనక రాత్రనక వ్యాసం రాసింది. అది అచ్చయ్యేనాటికి నీళ్లు లేక టమాటాలు ఎండిపోయాయి. అయినా మడి ఎవరూ లాక్కోలేదు, వ్యాసం ఉంది కదా. ఆ వ్యాసాన్నే ప్లాస్టిక్ కవరులో పెట్టి, కర్రకు కట్టి, మడి మధ్యలో పాతింది. చూడ్డానికి బాగుందని అందరూ అలాగే చేశారు.

భాస్కరలింగం గారనే ఆయనకు మడీ లేదు, మొక్కా లేదు. ఆయన నీలకుంతల లత అనే తీగ గురించి నాలుగు నెలలు వరసగా రాశారు. చలికాలంలో ఊదారంగు పూలు పూస్తుందట. కాయ మాత్రం కాయదట. "ఫలాపేక్ష లేని ఈ లత నిష్కామ కర్మకు ప్రతీక" అన్న చోట చదివిన వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ తీగ ఎక్కడుందని నేనడిగాను.

"చూసింది రాయడం గుమాస్తా పని అమ్మా" అన్నారాయన.

తీర్మానం ప్రకారం నీలకుంతలకు నా మడి పక్కనే, ఎండ బాగా తగిలే మడి ఇచ్చారు. అందులో దాని పేరు రాసిన బోర్డు పాతారు. నీటి వాటా ఇచ్చారు. రోజూ పొద్దున్నే గొట్టం పెట్టి ఆ ఖాళీ మట్టికి నీళ్లు వదిలేవారు.

నా చిక్కుడు మీద నేనూ రాశాను. అప్పట్లో నాకు చదవడం వచ్చినంతగా రాయడం రాదు. నాలుగు ముక్కలు రాసేసరికి భుజం లాగేది. కాగితం పట్టుకుని చిదంబరం గారింటికి వెళ్లాను. "చిక్కుడు పాదు బాగుంది. కాస్తోంది. పేను పడితే బూడిద చల్లాలి. గింజలు కావలసినవాళ్లు అడగండి" అని ఉంది. ఆయన చదివి, వెనక్కి తిప్పి చూశారు.

"దీనికి ఉపోద్ఘాతం లేదమ్మా" అన్నారు.

"అంటే ఏటి బాబూ?"

"విషయంలోకి వెళ్లే ముందు కొంత దూరం విషయం లేకుండా నడవాలి."

"పాదు దగ్గరేనండి. అంత నడక లేదు."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "సరే. మీ చిక్కుడు సమాజానికిచ్చే సందేశం ఏమిటి?"

"కూర."

"కూర సందేశం కాదమ్మా. నీలకుంతలను చూడండి. కాయనే కాయదు. ఎంత సందేశం ఇచ్చింది."

"మాది కాసీస్తాది. ఏం చెయ్యమంటారు?"

"అదే ఇబ్బంది" అని, దాన్ని పరిశీలక సంఘానికి పంపారు. పరిశీలకుల్లో ఒకరు బూడిద మాట తీసేయమన్నారు. ఒకరు బూడిద ఒక్కటే ఉంచమన్నారు. మూడో ఆయన కాశీ వెళ్లారు.

ఈలోగా నోటీసు వచ్చింది. 'అముద్రిత చిక్కుడు'ను ఆదివారం నాడు తీసేస్తారట. అప్పటికి నా దగ్గర గింజలు తీసుకున్న వాళ్ల పాదులన్నీ పీకేశారు. దాచిన గింజ ఒక్కటి లేదు, ఆ ఏడు అంతా నాటేశాను. తీగ మీద కాయలు ఇంకా లేతగా ఉన్నాయి. అప్పుడు కోస్తే అవి కూరకే గానీ విత్తనానికి పనికిరావు. కామేశం గారింటికి వెళ్లి వీధి అరుగు కింద నిలబడ్డాను.

"కాయలు ఎండే దాకా ఆపండి బాబూ. గింజ తీసుకుని నేనే పీకేస్తాను."

ఆయన సౌమ్యులు. నాకు కుర్చీ వేయించారు. "చూడమ్మా, తీగ కోసం తీర్మానం ఆగితే, రేపు తీర్మానం కోసం తీగలు ఆగుతాయా?" అన్నారు.

కుర్చీ అరుగు మీద పెట్టేసి వచ్చేశాను.

ఆదివారం వెళ్లిపోయింది, ఎవరూ రాలేదు. ఆ పై ఆదివారం పొద్దున్న ఉపేంద్రం కత్తి పట్టుకుని వచ్చాడు. మా వీధి కుర్రాడే, ఇన్సూరెన్సు పాలసీలు కట్టిస్తాడు. కలుపు నిర్మూలన ఉపసంఘానికి కన్వీనరు. చంకలో కొత్త దుందుభి కూడా ఉంది, పంచడానికి తెచ్చాడు.

"పిన్నీ, నా మీద కోప్పడకు. నాకు అప్పజెప్పిన పని."

"చేసుకో నాయినా. ముందు టీ తాగు. పోయిన ఆదివారం వస్తావనుకున్నాను."

"మరదలి పెళ్లికి బొబ్బిలి ఎల్లిపోనాను పిన్నీ. అందుకే ఈవేళ."

అతను టీ తాగుతుంటే నేను దుందుభి తీసుకుని చదివాను. ఆలస్యంగా చదువు వచ్చినవాళ్లం ఏదీ వదలం. ఎవరూ చూడని ఆఖరి పేజీలో సంఘ వార్తలు ఉంటాయి. ప్రెస్సు వాళ్లు ముందే అడుగుతారని, జరగబోయేవి కూడా జరిగినట్టు రాసి ఇచ్చేయడం చిదంబరం గారికి అలవాటు. అందులో నా పాదు ఉంది. "గడచిన ఆదివారమున అముద్రిత చిక్కుడు, సభ్యుల హర్షధ్వానాల నడుమ సమూలముగా నిర్మూలించబడినది."

"ఉపేంద్రం, దీన్ని పోయిన ఆదివారమే పీకేశారని రాసుంది."

"అచ్చుకి ముందే ఇచ్చీసినారు పిన్నీ."

"మరి ఈవేళ నువ్వు పీకితే, పోయిన ఆదివారం పీకలేదన్నట్టేనా?"

"అంతే కదా."

"అయితే దుందుభిలో తప్పు పడినట్టేనా?"

ఉపేంద్రం టీ గ్లాసు కింద పెట్టాడు. తరవాత కత్తి కూడా కింద పెట్టాడు.

"పిన్నీ, నన్ను ఇందులో ఇరికించకు" అన్నాడు.

"నేనేం చేశాను నాయినా. టీ ఇచ్చాను."

ఆ మధ్యాహ్నమే కామేశం గారి అరుగు మీద అత్యవసర సమావేశం జరిగింది. ఆయన దుందుభి ఆఖరి పేజీని పైకి చదివి, కళ్లు మూసుకుని, తెరిచారు. "ముద్రితమైన మేరకు సదరు తీగ నిర్మూలించబడినది. నిర్మూలించబడిన దానిని పునర్నిర్మూలించుటకు నిబంధనలలో వీలు లేదు. అట్టి ప్రయత్నము పత్రికను ధిక్కరించుటయే" అన్నారు.

"మరి అక్కడ పందిరి మీద ఉన్నదేటండి?" అని సన్యాసమ్మ అడిగింది.

"అక్కడ ఏమీ లేదు" అన్నారు కామేశం గారు.

లేనిదానికి నీటి వాటా ఎందుకని నా మడికి నీళ్లు ఆపేశారు. పరవాలేదు. చిక్కుడు వేళ్లు ముందే పక్క మడి తడి కనిపెట్టాయి. నీలకుంతలకు వదిలే నీళ్లన్నీ తాగి, తీగ పందిరి దాటి ఆ మడిలోకీ పాకి, అక్కడి బోర్డుకి చుట్టుకుంది. కామేశం గారు పొద్దున్నే నడకకు అటే వెళతారు. పందిరి దగ్గరకు రాగానే కాయల గుత్తులు తలకు తగలకుండా వంగేవారు. అయినా దాని వైపు చూసేవారు కాదు. లేని పందిరి కింద ఆయన అంత జాగ్రత్తగా వంగడం చూస్తే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆ ఏడు దుందుభికి జిల్లా మొదటి బహుమతి వచ్చింది. దండలు వేశారు. దండల్లో పూలు బజారు నుంచి తెచ్చారు.

బహుమతి వార్త చూసి మునిసిపాలిటీ వాళ్లకు మేం గుర్తొచ్చాం. చెత్త ఆటోలు నిలుపుకోవడానికి వాళ్లకు స్థలం కావాలట. ట్యాంకు వెనకాల మొక్కలు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే వెనక్కి తీసుకుంటామని కబురొచ్చింది. పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం జోగినాయుడు గారనే ఇన్‌స్పెక్టరు వచ్చారు. కామేశం గారు ఆయన చేతిలో దుందుభి సంచికల కట్ట పెట్టారు.

"ఇవెందుకండి?" అన్నారు జోగినాయుడు గారు.

"మా ఉద్యానం."

"నాకు నేల మీద ఉన్నది చూపించండి."

చూశారు. మడి మడికీ ఒక కర్ర, కర్రకు ప్లాస్టిక్ కవరు, కవరులో వ్యాసం. జోగినాయుడు గారు వంగ మీద వ్యాసం దగ్గర కాసేపు ఆగి, మట్టిని బూటుతో కదిపారు. దుమ్ము లేచింది. అలా నడిచి నడిచి, ఉన్న ఒక్క నీడలోకి వచ్చి నిలబడ్డారు. అది నా పందిరి.

"ఇది బాగుంది. ఏం మొక్క ఇది?"

ఉపేంద్రం నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. చిక్కుడు అంటే పత్రిక తప్పవుతుంది. ఏమీ లేదంటే స్థలం పోతుంది, స్థలంతో పాటు పందిరీ పోతుంది. కాయలు అప్పటికి సగమే ఎండాయి. కామేశం గారి చూపు తీగ వెంట పాకి, అది చుట్టుకున్న బోర్డు మీద ఆగింది.

"నీలకుంతల లత" అన్నారు.

"అరుదైనదండి" అన్నారు భాస్కరలింగం గారు. తన తీగను చూడడం ఆయనకు అదే మొదటిసారి. "ఊదారంగు పూలు గమనించండి."

జోగినాయుడు గారు పూలు గమనించారు. తరవాత కాయలు గమనించారు. "మరి ఈ కాయలు?"

"అవి కాయలు కావండి. నీలకుంతల కాయదు. పత్రికలో స్పష్టంగా ఉంది."

ఆయన ఒక లేత కాయ తెంపి, విరిచి, వాసన చూశారు. "మా ఇంట్లో ఇలాంటివే కొబ్బరి వేసి వండుతారు."

"సారూప్యము" అన్నారు కామేశం గారు.

ఇన్‌స్పెక్టరు గారు మా అందరి ముఖాలూ ఒకసారి చూశారు. ఇంకా ఎన్ని చోట్లకు వెళ్లాలో ఏమో, జేబులోంచి కలం తీసి రాసుకున్నారు. 'పచ్చదనం కలదు. అరుదైన తీగ. కాయనిది.' స్థలం దక్కింది.

మర్నాడే పందిరి చుట్టూ ముళ్లకంచె వేశారు. 'నీలకుంతల లత. ముట్టరాదు' అని ఇంకో బోర్డు పెట్టారు. భాస్కరలింగం గారిని సంరక్షకులుగా నియమించారు. నేను కంచెలోంచి చేయి పెట్టి, అందినంత మేర ఎండిన కాయలు తీసుకుంటూ వచ్చాను. ఆయన చూసి ఫిర్యాదు చేశారు. నన్ను సమావేశానికి పిలిచారు.

"మీరు నీలకుంతల కాయలు కోస్తున్నారని అభియోగం" అన్నారు కామేశం గారు.

"అది కాయదు కదా బాబూ."

భాస్కరలింగం గారు ఏదో అనబోయి, తను రాసిందే గుర్తొచ్చి ఆగిపోయారు. చిదంబరం గారు పాత సంచికలు తెప్పించి నాలుగు భాగాలూ తిరగేశారు. కాయదనే ఉంది. చివరి భాగంలో రెండుసార్లు ఉంది. కామేశం గారు సంచికలు మూయించి, తీర్మానం చెప్పారు. "పైడమ్మ గారు ఏమియు కోయలేదనియు, ఆమె కొంగున ఉన్నది ఏమియు కాదనియు నిర్ధారించడమైనది."

సభ్యులు చప్పట్లు కొట్టారు. నేను కొంగు గట్టిగా పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆ మర్నాడు పొద్దున్నే కామేశం గారి భార్య రాజ్యం గారు మా పెరటి గుమ్మం వైపు నుంచి వచ్చారు. చేతిలో సంచీ ఉంది.

"వదినా, ఆ తీగకి కాయనివి రెండు గుప్పెళ్లు ఉంటే పెట్టు. మీ అన్నయ్య గారికి కొబ్బరి వేసి చేస్తే ఇష్టం. కూర ఏమిటని మాత్రం అడగరులే."

ఇచ్చాను. పక్కింటికి ఇవ్వమనే కదా మొదటి కాగితంలో ఉంది.

ఇదీ పత్రిక చరిత్ర. దీనికి ఉపోద్ఘాతం కుదరలేదు. ఇది కూడా పరిశీలక సంఘానికి వెళుతుందని తెలుసు. కాశీ వెళ్లిన ఆయన తిరిగొచ్చారట కనక వేస్తారో లేదో తేలడానికి ఎంతకాలమైనా పట్టవచ్చు. అందుకని ఈ కాగితం నేనే నకళ్లు తీయించి, కాలనీలో ఇంటింటికీ పంచుతున్నాను. ఒక్కోదాని మూలకు చిన్న పొట్లం ఒకటి గుండుసూదితో గుచ్చాను. ఎవరూ కంగారు పడనక్కర్లేదు, అందులో ఏమీ లేదు. సంఘం తీర్మానం ఉంది.

ఆ లేనివాటిని రాత్రి నానబెట్టి పొద్దున్న నాటండి. పందిరి వేయండి. కాస్తే పక్కింటికి ఇవ్వండి.